దింపుడుకళ్లం దగ్గర దొరికిన టూరిస్టు

లాకువరం ఊరిని కాలవ నిలువునా రెండు ముక్కలు చేసి పోతుంది. పడమటి గట్టున బజారు, ఆసుపత్రి, మునిసిపాలిటీ. తూర్పు గట్టున పొలాలు, రైసుమిల్లు, శ్మశానం. రెంటికీ నడుమ తెల్లదొరలు కట్టించిన రాతి వంతెన ఒకటుంది. తాతముత్తాతల నాటినుంచి జనం ఆ వంతెన మీద నడిచారు, సైకిళ్ళు తొక్కారు, గేదెల్ని తోలారు, పెళ్ళికొడుకుల్ని ఊరేగించారు, శవాల్ని మోశారు. ఇన్నేళ్ళలో ఏ ఒక్కడికీ దాన్ని చూడాలనిపించలేదు. వంతెన ఉన్నది చూడ్డానికే గాని నడవడానికి కాదన్న సంగతి, శరభేశ్వరరావు గారు వచ్చి చెప్పేదాకా ఊరికి తెలియదు.

శరభేశ్వరరావు గారు వారసత్వ జలనగర ప్రాధికార సంస్థకి ప్రత్యేకాధికారి. సర్కారు ఖర్చు మీద ఏదో దేశం పోయి, అక్కడ కాలవల పట్నం ఒకటి చూసొచ్చారు. ఆ పట్నంలో కారు లేదట, సైకిలు లేదట, కొత్తిమీర కట్ట కావాలన్నా పడవెక్కాల్సిందేనట. వచ్చీ రావడంతోనే లాకువరం వైపు చూశారు. కాలవ ఉంది. పడవలు లేవు. ఎందుకు లేవని కమిటీ వేశారు. వంతెన ఉండబట్టి పడవలు లేవని కమిటీ తేల్చింది.

ఆ మర్నాడే వంతెనకి రెండు చివర్లా గేట్లు పడ్డాయి. బోర్డు కట్టారు. 'ఇది వీక్షణ వారసత్వం. టికెట్టు, గైడు కలిగిన యాత్రికులకు మాత్రమే ప్రవేశం. స్థానికుల నిత్య నడక వలన చరిత్ర అరిగిపోవుచున్నందున స్థానికులకు ప్రవేశము లేదు.' స్థానికులు ఏం చెయ్యాలి? పడవెక్కాలి. ఉగాదికి మంత్రి గారొచ్చి రిబ్బను కత్తిరించారు. రంగులేసిన కొత్త పడవలు కాలవ నిండా తిరిగాయి. పేపర్లలో ఫొటోలు పడ్డాయి. అంతా బాగానే ఉంది.

తర్వాత కాలవ కట్టేశారు.

డెల్టాలో చంటిపిల్లనడిగినా చెబుతుంది, ఎండాకాలం వస్తే నీటిపారుదల వాళ్ళు మరమ్మతులకని కాలవ కట్టేస్తారని. అడుగు బయటపడుతుంది, బురద ఎండి నెర్రెలిస్తుంది, గుర్రపుడెక్క మాడి చాపల్లా పడుంటుంది, జనం గట్టు దిగి అడ్డంగా నడిచిపోతారు. నాలుగు సంపుటాల అభివృద్ధి ప్రణాళికలో మాత్రం ఈ ముక్క లేదు. పడవలు ఎక్కడున్నవి అక్కడే బురదలో కూలబడ్డాయి.

ఇంకొకడైతే సిగ్గుపడి గేటు తాళం తీసేవాడు. శరభేశ్వరరావు గారు సర్క్యులరు తీశారు. 'కాలవలో నీరు లేదు అనరాదు. నీటి మట్టం శూన్యమునకు చేరినది అనవలెను. శూన్య మట్టము సైతం ఒక మట్టమే. కావున జలమార్గ నిబంధనలన్నియు యథాతథంగా అమలులో నుండును.'

అంటే ఏమిటి? కాలవలో పడవ లేకుండా, లైఫ్ జాకెట్టు లేకుండా కనపడ్డ ప్రతి మనిషీ మునిగిపోతున్నట్టే లెక్క. మునిగిపోతున్న మనిషిని కాపాడాలి. దానికి ఆపద రక్షక దళం వేశారు. గట్టు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఈల వేసుకుంటూ వచ్చేసేవారు. తాడు విసిరేవారు. పట్టుకోకపోతే వాళ్ళే నడుముకి కట్టేవారు. ఎండిన నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నొక్కి, మే నెల ఎండలో ఉన్ని దుప్పటి కప్పి, ఏ గట్టున దిగాడో ఆ గట్టునే తెచ్చి పడేసేవారు. మనిషి ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండేవాడు కాబట్టి ఫొటోలో నిజంగానే నీళ్ళలోంచి తీసినట్టు కనపడేవాడు.

టూరిస్టులు మటుకు వస్తూనే ఉన్నారు. లైఫ్ జాకెట్లు తొడుక్కుని బురదలో ఉన్న పడవలో కూర్చునేవారు. పడవవాడు తెడ్డు పట్టుకుని గాలిలో తిప్పేవాడు. గైడు 'ఎడమవైపు చూడండి' అనేవాడు, 'ఇప్పుడు కుడివైపు చూడండి' అనేవాడు. కాసేపటికి యాత్ర అయిందనేవాడు. ఎక్కినచోటే దిగేవారు. దీన్ని నిదాన పర్యాటకం అంటారని కరపత్రంలో ఉంది. దిగినవాళ్ళలో కొందరు కడుపులో తిప్పుతోందని కూడా అన్నారు.

ఈ నిబంధన పడ్డప్పటినుంచీ మోటారు వైండింగు చేసే తాతాజీకి తన అక్క అమ్మాజీ కాలవ నడుమ తప్ప కనపడలేదు.

అమ్మాజీని ఎదురుగా తూర్పు గట్టున ఇచ్చారు. ఇంటి గుమ్మంలో నిలబడితే పడమటి గట్టున పుట్టింటి అరుగు కనపడుతుంది. తండ్రి పల్లాలు మంచం పట్టి ఉన్నాడు. ఆవిడ రోజూ పొద్దున్నే కాలవలోకి దిగి, సగం దాకా పరుగెత్తుకొచ్చి, అక్కడినుంచి కేకేసేది. "నాన్నా, మందేసుకున్నావా?" పల్లాలుకి అరుగు మీదనుంచి అరిచే ఓపిక లేదు. చెయ్యెత్తేవాడు. "గంజి తాగావా?" మళ్ళీ చెయ్యెత్తేవాడు. ఈలోగా దళం వచ్చి ఆవిణ్ణి కాపాడి తీసుకుపోయేది. ఒకరోజు దళం వాళ్ళ దుప్పటి ఉతుక్కి వెళ్ళిందని, మీ దుప్పటి మీరే తెచ్చుకోండని చెప్పారు. మర్నాటినుంచి ఆవిడ దుప్పటి భుజానేసుకుని మునిగిపోవడానికి వచ్చేది.

ఓ తెల్లారగట్ట పల్లాలు పోయాడు.

కాలవ నడుమనుంచి అమ్మాజీ కేకేసింది. అరుగు మీద చెయ్యి లేవలేదు. ఆవిడ ఏడుస్తూ ముందుకి పరుగెత్తింది. దళం కాపాడేసింది.

ముసలామె మాణిక్యం భర్త తల దగ్గర కూర్చుని ఏడవలేదు, మాట్లాడలేదు. మునిసిపాలిటీ వాళ్ళొచ్చి మరణం రాసుకుని, ఊరి జనం జాబితాలోంచి పేరు కొట్టేసి పోయారు. పాడె కట్టారు. లేవనెత్తబోతుంటే అప్పుడు నోరు విప్పింది.

"ఒరే తాతాజీ. నాన్నని దింపి, అక్కని తీసుకురా."

బజారుకి పోయేవాడికి పని చెప్పినట్టు చెప్పింది. తాతాజీ "అలాగే అమ్మా" అన్నాడు. కొత్త కుండలో నీళ్ళు పోసుకుని భుజానికెత్తుకుని ముందు నడిచాడు. వెనక పాడె పట్టినవాళ్ళలో మొదటివాడు పక్కింటి సత్తిపండు. వరసకి బావ. నోటి తీట ఎక్కువ, భుజం మాత్రం గట్టిది.

ముందు వంతెన దగ్గరికే పోయారు. గేటు గుమాస్తా కుర్చీలోంచి లేవలేదు.

"స్థానికులకి లేదండి."

"మేం తిరగడానికి రాలేదు బాబూ. మా నాన్న పోయాడు. అవతలకి దింపాలి," అన్నాడు తాతాజీ.

"పోయినా స్థానికుడేగా. పడవలో తీసుకెళ్ళండి."

"పడవ బురదలో ఉందండి."

"ఉందిగా మరి," అన్నాడు గుమాస్తా.

ఎండ ఎక్కుతోంది. మే నెల. పొద్దుపోయేలోగా మట్టి చెయ్యకపోతే ఇంటిల్లిపాదీ ముక్కు మూసుకునే పరిస్థితి. "కాలవలోకి దిగుదాం రా బావా. బతికున్నోణ్ణయితే కాపాడతారు గాని, చచ్చినోణ్ణి ఏం కాపాడతారు," అన్నాడు సత్తిపండు. అందరికీ సబబుగానే తోచింది. దిగారు.

ఇక్కడ ఒక ఆచారం సంగతి చెప్పాలి. శవాన్ని శ్మశానానికి మోసుకుపోతూ సగం దారిలో ఓసారి దింపుతారు. చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పలుకుతాడేమోనని ఆఖరి ఆశ. దాన్ని దింపుడుకళ్లం అంటారు. ఎండాకాలం పోయినవాళ్ళకి లాకువరంలో దింపుడుకళ్లం కాలవ నడుమనే. ఏనాటినుంచో అంతే.

పాడె దింపారు. తాతాజీ వంగి తండ్రి చెవిలో పిలిచాడు. "నాన్నా." అవతలి గట్టు మీద నలుగురు ఆడవాళ్ళు అమ్మాజీని పట్టుకుని నిలబడ్డారు. "నాన్నా," రెండోసారి. మూడోసారి పిలిచేలోగా ఈల వినపడింది.

దళం మొత్తం దిగింది. నాయకుడు జోగిరాజు ముందున్నాడు. వచ్చినవాడు వచ్చినట్టే మోకాళ్ళ మీద కూలబడి పల్లాలు పొట్ట నొక్కడం మొదలెట్టాడు.

"ఒరే ఒరే, శవంరా బాబూ," అన్నాడు సత్తిపండు.

జోగిరాజు నొక్కడం ఆపలేదు. "ఆ సంగతి మేం నిర్ధారించాలండి. మీరు ఈయన్ని పేరు పెట్టి పిలవడం మా దళం కళ్ళారా చూసింది. ఎందుకు పిలిచారు?"

"పలుకుతాడేమో అని," అన్నాడు తాతాజీ.

"అంటే ప్రాణం ఉండొచ్చని మీకే అనుమానం ఉందన్నమాట. మీకు అనుమానం ఉండగా మేం వదిలేస్తే, రేపు మా ఉద్యోగాలు ఏమవ్వాలండి?"

అనుమానం లేదంటే ఎందుకు పిలిచినట్టు? ఉందంటే ఎందుకు మోసుకొచ్చినట్టు? పుట్టి బుద్ధెరిగిన కాడినుంచి చూస్తున్న ఆచారం, అడిగేవాడు లేకపోబట్టి ఇన్నాళ్ళూ నడిచింది.

పల్లాలుకి తాడు కట్టారు. లైఫ్ జాకెట్టు తొడిగారు. దుప్పటి కప్పారు. నోట్లో నోరు పెట్టి ఊదమని జోగిరాజు కింది ఉద్యోగికి చెబితే, వాడు దండం పెట్టి తప్పుకున్నాడు. చివరికి పంపుతో ఊదారు. పడమటి గట్టుకి చేర్చి ధ్రువపత్రం రాసిచ్చారు. 'పల్లాలు, పురుషుడు, వయసు ఎనభై ఒకటి. కాలవ మధ్యమున మునుగుచుండగా గుర్తించి ప్రాణములతో రక్షించడమైనది. ప్రస్తుతం విశ్రాంతిలో నున్నారు.'

"ప్రాణాలతోనా?" అన్నాడు తాతాజీ.

జోగిరాజు గొంతు తగ్గించాడు. "చూడండి. మా కాలవలో మునిగి చనిపోయినవారి సంఖ్య శూన్యం అని మంత్రి గారు సభలో చెప్పారు. ఇప్పుడు మీ నాన్నగారి కోసం మంత్రి గారిని అబద్ధాలకోరుని చెయ్యమంటారా?"

పాడెని సంస్థ ఆఫీసు వాకిట్లో దింపారు. సత్తిపండు తువ్వాలుతో ఈగలు తోలుతూ నిలబడ్డాడు. తాతాజీ లోపలికి పోయాడు. గదిలో ఏసీ వణికిస్తోంది. గోడ నిండా కాలవల పట్నం ఫొటోలు. శరభేశ్వరరావు గారు ధ్రువపత్రం చదివి సంతోషించారు.

"మా దళం పనితీరు ప్రశంసనీయం. మీ సమస్యేమిటి?"

"అయ్యా, మా నాన్న పోయాడండి. మట్టి చెయ్యాలండి."

"ఈ పత్రం ప్రకారం ఆయన విశ్రాంతిలో ఉన్నారు."

"ఆయ్, ఉన్నాడండి. ఆ విశ్రాంతే. మునిసిపాలిటీ వాళ్ళు కూడా వచ్చి చూసి, ఈయన లేడని పేరు కొట్టేశారండి."

శరభేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చిక్కు ముడి కనపడితే ఆయన మొహం వికసిస్తుంది. "మునిసిపాలిటీ ఒక గౌరవనీయ సంస్థ. దాని అభిప్రాయాన్ని మేము తోసిపుచ్చజాలము. అదే సమయంలో మా దళ నిర్ధారణను ఉపసంహరించుకోజాలము. రెండు సంస్థల మధ్య సమన్వయం సాధించుట ఆవశ్యకం."

"సాధించండి బాబూ. పొద్దెక్కిపోతోంది."

ఆయన పెన్సిలు తీసుకుని కాగితం మీద రెండు గీతలు గీశారు. "మునిసిపాలిటీ లెక్కలో ఆయన ఈ ఊళ్ళో లేరు. ఊళ్ళో లేని వ్యక్తి స్థానికుడు కాజాలడు. అవునా?"

"అవునండి."

"మా లెక్కలో ఆయన జీవించి ఉన్నారు. స్థానికుడు కాకుండా, జీవించి ఉండి, మా నగరంలో ఉన్న వ్యక్తిని ఏమంటారు?"

తలుపు సందులోంచి సత్తిపండు అందించాడు. "టూరిస్టు అంటారండి."

"సాధు," అన్నారు శరభేశ్వరరావు గారు.

వంతెన మీద నడవలేని వృద్ధ యాత్రికులకి మోసుకుపోయే సౌకర్యం నిబంధనల్లోనే ఉంది. నలుగురు సహాయకులు స్థానికులైనా పరవాలేదు. ప్రతి యాత్రికుడికీ ఒక గైడు తప్పనిసరి. గైడుగా తాతాజీ మెడలో తాత్కాలిక బిళ్ళ వేశారు. లైఫ్ జాకెట్టు తీసేశారు, వంతెన మీద అది వారసత్వ దృశ్యానికి అడ్డమట.

గేటు దగ్గర పొద్దున్నటి గుమాస్తా ఈసారి లేచి నిలబడ్డాడు. యాత్రికుడంటే గౌరవం. పాడె మీద పడుకున్న పల్లాలుకి నమస్కారం పెట్టి, "లాకువరానికి స్వాగతం సార్," అన్నాడు. యాత్రికులకి ఇచ్చే సంప్రదాయ స్వాగతం మొదలైంది. మెడలో బంతిపూల దండ వేశారు. నుదుట కుంకుమ పెట్టారు. డప్పులు వాయించారు. మీద పూలు చల్లారు. పొద్దున్న డప్పులవాళ్ళు దొరక్క తాతాజీ బెంగపడ్డాడు. ఇప్పుడు సర్కారు డప్పులే మోగుతున్నాయి.

"ఆ కుండేంటి?" అన్నాడు గుమాస్తా.

"నీళ్ళండి."

"బయటి నీళ్ళు లోపలికి తేకూడదు. లోపల బాటిళ్ళు అమ్ముతారు."

నీళ్ళు పారబోశాడు తాతాజీ. ఖాళీ కుండ మట్టిది గనక అది వారసత్వ వస్తువు కింద లోపలికి పోయింది.

"ఇదిగో, గైడు గారూ. దారి పొడుగునా యాత్రికుడికి వివరిస్తూ ఉండాలి. గైడు నోరు మూసుకుని నడిస్తే టూరు రద్దు. కెమెరాలున్నాయి."

"ఏం చెప్పనండి?"

"వంతెన గురించి మీకు తెలిసింది చెప్పండి."

తాతాజీ ముందు నడిచాడు. పాడె వెనక వస్తోంది. గేటు దగ్గరనుంచి ఈల వేశారు, మాట్లాడమని. అప్పుడు మొదలెట్టాడు.

"ఇది మూడో కమాను నాన్నా. ఇక్కణ్ణించే నన్ను నీళ్ళలోకి తోసి ఈదమన్నావు. ఈదకపోతే నువ్వే దూకావు. నీకూ ఈత రాదని అప్పుడు తెలిసింది. చాకలి సూరిగాడు ఇద్దరినీ లాగాడు." రెండడుగులు వేసి కుండ సర్దుకున్నాడు. "ఇదిగో ఈ పిట్టగోడ మీదే అక్క పెళ్ళికి నువ్వు బాజాలవాళ్ళతో తగువాడింది. ఇదిగో ఇక్కడ, అక్కని అంపకాలు చేసి, వంతెన దాటించి, నువ్వు మాత్రం సగం వంతెనలో నిలబడిపోయావు. అవతలకి రానన్నావు. ఎందుకు నాన్నా అంటే, పొద్దున్న లేస్తే కనపడుద్దిలేరా అన్నావు."

సత్తిపండు ముక్కు చీదాడు. భుజం మీద పాడె ఉండబట్టి మోచేత్తో తుడుచుకున్నాడు.

ఎదురుగా హైదరాబాదునుంచి వచ్చిన టూరిస్టుల గుంపు ఒకటి ఆగింది. ఎండకి టోపీ పెట్టుకున్న ఒకావిడ తమ గైడుని అడిగింది. "ఇది రోజూ ఉంటుందాండీ, స్పెషల్ షోనా?"

"సీజన్లో ఉంటుందండి," అన్నాడు ఆ గైడు. వాడిది ఆ ఊరు కాదు.

ఆవిడ పాడె పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంది. పల్లాలు కళ్ళు మూసుకున్నాడని ఇంకోటి తీసుకుంది.

తూర్పు గేటు దాటగానే అమ్మాజీ వచ్చి తండ్రి కాళ్ళ మీద పడింది. చాలా సేపు లేవలేదు. మూతి దగ్గర పంపు పెట్టిన గుర్తు ఉంటే కొంగుతో మెల్లగా తుడిచింది. మూడోసారి పిలవాల్సింది ఉండిపోయిందని తాతాజీకి గుర్తొచ్చింది. "నువ్వు పిలవవే అక్కా," అన్నాడు. ఆడవాళ్ళు పిలవకూడదని ఎవరో అనబోతే సత్తిపండు చూసిన చూపుకి ఊరుకున్నారు. అమ్మాజీ చెవి దగ్గర వంగింది. "నాన్నా. మందేసుకున్నావా?"

శ్మశానం పక్క పొలాలకి నీళ్ళు పారే బోదెలో ఇంత నీరు మిగిలుంటే కుండ మళ్ళీ నింపుకున్నారు. పొద్దు వాలేలోగా మట్టి చేశారు. స్నానాలు చేసి తడిబట్టలతో తిరిగి వంతెన దగ్గరికొచ్చారు. తాతాజీ, సత్తిపండు, తతిమ్మా ముగ్గురు. వాళ్ళని సాగనంపుతున్నట్టు వెనకే అమ్మాజీ వచ్చింది.

తూర్పు గేటు గుమాస్తా టికెట్లు చూశాడు. గైడు. సహాయకులు నలుగురు. తలెత్తాడు.

"మీ టూరిస్టేడీ?"

నలుగురూ తాతాజీ వైపు చూశారు.

"వెళ్ళినంతమందీ రావాలండి. యాత్రికుణ్ణి అవతల వదిలేసి గైడు వచ్చేస్తే మా సంస్థ పేరేం కాను? ఆయన వచ్చేదాకా మీరిక్కడే కూర్చోండి."

"ఆయన రాడండి," అన్నాడు సత్తిపండు. "ఆయనకి అక్కడ నచ్చింది."

"నచ్చితే మళ్ళీ టికెట్టు కొనుక్కుని రమ్మనండి. ఇవాళ్టి టికెట్టు మీద మటుకు వెనక్కి రావాల్సిందే. రానూపోనూ ఇచ్చింది."

తాతాజీ చేతిలో టికెట్టు ముక్క చూసుకున్నాడు. పొద్దున్న తల్లి చెప్పిన పని సగం అయింది, సగం మిగిలింది. ఒక ఖాళీ చోటు ఉంది. అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు సంతలో పప్పుండ ఎలా కొట్టెయ్యాలో ఇద్దరికీ మాట అవసరం లేకుండా తెలిసినట్టే, ఇప్పుడూ తెలిసింది. అమ్మాజీ కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఇదిగోనండి. వచ్చాను."

గుమాస్తా టికెట్టు చూశాడు, ఆవిణ్ణి చూశాడు. "పల్లాలు మీరేనా?"

"ఆయ్."

"ఎనభై ఒకటని ఉంది."

"అవునండి."

"పురుషుడని ఉంది."

"ఉందండి."

"వచ్చేటప్పుడు పడుకుని వచ్చారు. నేను చూశాను."

"పడుకున్నానండి. ఇప్పుడు లేచానండి."

గుమాస్తాకి సొంతంగా ఏదీ తేల్చే అధికారం లేదు. ఫోను చేశాడు. కాసేపటికి శరభేశ్వరరావు గారే కారులో పడమటి గేటుదాకా వచ్చి, అక్కణ్ణించి గైడుతో సహా టికెట్టు కొనుక్కుని వంతెన దాటి వచ్చారు. నిబంధన అంటే నిబంధనే. ఆయన తప్పించుకోరు. అమ్మాజీ చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. ఆయన పల్లాలుని చూడలేదు, కాగితం మాత్రమే చూశారు. కాగితం ప్రకారం పొద్దున్న విశ్రాంతిలో ఉన్న మనిషి ఇప్పుడు నిలబడి ఉంది.

"మునిసిపాలిటీ వారు లేరన్నారు," అన్నారు మెల్లగా. "మేము ఉన్నారన్నాము. ఇప్పుడు ఎవరి మాట నిజమైంది?"

"తమదేనండి," అన్నాడు సత్తిపండు.

"వయసులో కొంత తేడా కనిపిస్తున్నది."

"వంతెన గాలండి. మనిషి తేలిక పడ్డాడు."

"పురుషుడు, స్త్రీ అన్న అంశం..." అని కాసేపు ఆకాశం కేసి చూశారు. "అది వైద్యశాఖ పరిధిలోనిది. మనం జోక్యం చేసుకోరాదు. ఫొటోగ్రాఫరుని పిలవండి."

అమ్మాజీ మెడలో బంతిపూల దండ వేసి ఫొటో తీశారు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో ఉందావిడ. అది ఆనందబాష్పాలని కింద రాశారు. డప్పులు మోగుతుండగా తమ్ముడి వెనక వంతెన దాటింది. సగం వంతెనలో ఒక్క క్షణం ఆగి పిట్టగోడ మీద చెయ్యేసింది. గుమాస్తా ఈల వేశాడు. మళ్ళీ నడిచింది.

మాణిక్యం అరుగు మీద కూర్చుని ఉంది. కూతుర్ని చూసి, కొడుకుని చూసి, "దింపావా?" అంది. "దింపానమ్మా." అప్పుడు ఏడ్చింది.

వారం తిరక్కుండా వంతెనకి కొత్త బోర్డు పడింది. అమ్మాజీ ఫొటో, దాని కింద పెద్ద అక్షరాలు: 'లాకువరం వంతెన. మోసుకొచ్చారు, నడిచి వెళ్ళారు.' టీవీల్లో చూపించారు. ఎక్కడెక్కడినుంచో మంచాల మీద, కుర్చీల్లో, వ్యాన్లలో రోగుల్ని తెచ్చి వంతెన ముందు వరస కట్టారు. పక్షవాతం వచ్చినవాళ్ళు, నడుం పడిపోయినవాళ్ళు, డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నవాళ్ళు. ఒకాయన భార్యని మోసుకొచ్చి, ఆవిడ ఆవిడలాగే నడిస్తే చాలని, వేరే మార్పులు అక్కర్లేదని ముందే రాసిచ్చాడు. మోసేవాళ్ళు చాలక స్థానికుల్ని సహాయకులుగా పెట్టుకున్నారు. ఆ వంతెన మీద నడవాలంటే లాకువరం మనిషికి ఇప్పుడు ఒకటే దారి, ఎవరినో ఒకర్ని మొయ్యాలి. వరస ఊరు దాటిపోయి వచ్చే నెలదాకా నిండిపోయింది. లాకువరం వాళ్ళు పోతే వాళ్ళకీ అదే వరస. ఈలోగా పోయినవాళ్ళని ఐసు గడ్డల మీద పెట్టుకుని ఇంట్లోవాళ్ళు తమ టోకెను కోసం కూర్చుంటున్నారు.

పదకొండో రోజు అయింది. భోజనాలయ్యాయి. అమ్మాజీ తిరిగి ఇంటికి పోవాలి. మొగుడు రోజూ కాలవ నడుమకొచ్చి, చారులో చింతపండు ఎంత వెయ్యాలో అరిచి అడుగుతున్నాడు. జవాబు వినేలోగా కాపాడేస్తున్నారు. అక్కడ మనిషి సరైన చారు తిని పదకొండు రోజులైంది. నీళ్ళు వదిలాక పడవలు నడుస్తాయిలెమ్మని ఎవరో అన్నారు గాని, ఎండలో పడుండి పడవలన్నీ బీటలు తీశాయి. నీళ్ళొస్తే తేలేది ఒకటీ లేదు.

"మీ అక్క ఎల్లడం ఎలా బావా?" అన్నాడు సత్తిపండు. "టికెట్టు మీద వచ్చింది. ఆ టికెట్టు అయిపోయింది. ఇప్పుడిక్కడ పల్లాలు కాదు, మళ్ళీ అమ్మాజీయే. అమ్మాజీ అంటే స్థానికురాలు. మోత పనిలో చేరదామంటే, ఆడవాళ్ళని సొంత మనిషినైతేనే మొయ్యనిత్తన్నారు."

తాతాజీ లేచాడు. "మళ్ళీ ఆ దొర దగ్గరికే పోతాను. ఏదో ఒకటి తేల్చమంటాను."

"ఏం తేలుత్తాడు? పోయినసారి తేల్చడానికి మావయ్య పోవాల్సొచ్చింది."

ఆ మాట అనేశాక సత్తిపండు నాలిక కరుచుకున్నాడు. అమ్మాజీ తల వంచుకుని తల్లి కంచంలో పెరుగు వడ్డిస్తోంది.

మాణిక్యం అన్నం కలుపుతూ తలెత్తలేదు.

"ఎందుకురా దాన్ని కంగారు పెడతారు. ఆఫీసుకీ వద్దు, ఎక్కడికీ వద్దు," అంది. "నేనున్నానుగా. నన్ను దింపడానికి ఎల్లేటప్పుడు అదీ ఒక భుజం పట్టుద్ది."

కూతురి చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. ముసలామె కంచం కొంచెం ముందుకి జరిపింది.

"ఇంకాస్త వెయ్యవే. ఆ వరస చూత్తంటే తొందరేం కనపట్టంలేదు."